మైలుకింత: కటాడిన్‌కి ముందు సంచి సర్దుకోవడం, స్పాన్సర్లను అడగడం

గల్ఫ్‌లో రాత్రి షిఫ్ట్ దిగి క్యాంపు మంచం మీద వింటున్నవాళ్ళకి, ఇక్కడ అమెరికాలో తెల్లారుజామున వ్యాన్‌లో సైట్‌కి పోతూ వింటున్నవాళ్ళకి, అందరికీ నమస్తే. ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీల్లేనివాళ్ళు చదువుకుంటారని నా మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇక్కడ రాసి పెడుతున్నాం. నేను రచయితను కాను. జగిత్యాల వైపు పల్లెటూరు మాది, ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివాను. గల్ఫ్‌లో పదకొండేళ్ళు చేసి, ఇప్పుడు న్యూజెర్సీలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయినసారి నా నడక గురించి చెప్పినప్పుడు చాలామంది అడిగారు, "అన్నా, చివరి ముక్కకి సామాను ఎట్ల సర్దుతున్నవ్? స్పాన్సర్లు ఎట్ల దొరికిన్రు?" అని. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు అనుకుంటారు గానీ, నా అనుభవంలో రెండూ ఒకటే. ఎందుకో చెప్తాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. అపలాచియన్ ట్రెయిల్ అని అమెరికా తూర్పు వైపు ఒక కాలిబాట ఉంది. జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ఆగుతుంది. సుమారు 2,190 మైళ్ళు, అంటే 3,500 కిలోమీటర్ల పైనే. చెట్లకీ బండలకీ తెల్ల పెయింట్ గీతలుంటాయి, వాటిని చూసుకుంటూ పోవడమే. ఐదారు నెలలు సెలవు పెట్టి ఒకేసారి నడిచేవాళ్ళున్నారు. మనకి అంత సెలవు ఎవడిస్తాడు? నేను 2017లో ఒక ఆదివారం డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర మొదలుపెట్టి, సెలవులకీ లాంగ్ వీకెండ్లకీ ముక్కలు ముక్కలుగా నడుస్తూ వచ్చాను. ఇప్పుడు మిగిలింది ఆఖరి ముక్క ఒక్కటే.

ఆ ముక్క మాన్సన్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. మన తాండూరు రాయి, బేతంచెర్ల రాయి లాగా, ఆ ఊరికి నల్ల పలకరాయి పేరు. కెనడీ సమాధికి వాడింది ఆ ఊరి రాయే. మేస్త్రీ బుద్ధి గదా, మొదటిసారి పోయినప్పుడు ట్రెయిల్ కంటే ముందు ఆ రాయినే తడిమి చూశాను. ఊరు దాటాక హండ్రెడ్ మైల్ విల్డర్‌నెస్. వంద మైళ్ళు అడవి. మధ్యలో కలప లారీల మట్టిరోడ్లు తప్ప ఊరు లేదు, కొట్టు లేదు. మొదట్లోనే బోర్డు ఉంటుంది, పది రోజుల తిండి లేకుండా అడుగు పెట్టొద్దని. అడవి అబోల్ బ్రిడ్జి దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి బాక్స్‌టర్ స్టేట్ పార్కులో పది మైళ్ళు నడిస్తే కొండ అడుగున క్యాంపు. ఆ తర్వాత ఐదు మైళ్ళ పైచిలుకు నిట్టనిలువు ఎక్కుడు. ఎత్తు 5,267 అడుగులు. మొత్తం కలిపి దగ్గరదగ్గర 115 మైళ్ళు, మన లెక్కలో 185 కిలోమీటర్లు.

ఇదే ముక్క పోయిన సెప్టెంబర్‌లో నడిచాను. పూర్తి చెయ్యలేదు. దాని కథ చెప్పకుండా సామాను గురించి చెప్తే మీకు అర్థం కాదు.

గల్ఫ్‌లో ఉన్నప్పుడు మా గుంపులో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు. మా పక్క ఊరే. నన్ను అన్నా అనేవాడు. ఏ దేశం, ఏ కంపెనీ అని అడగొద్దు. ఐదో అంతస్తు స్లాబు పోసే రోజు. పంపు బుక్ అయింది, కాంక్రీట్ ట్రక్కులు గేటు దగ్గర వరుసకట్టాయి. స్లాబు ఒక అంచున గార్డ్‌రెయిల్ లేదు. నేను అప్పుడు చార్జ్‌హ్యాండ్‌ని. నేను చూశాను. పోత అయినంక వేద్దాంలే అనుకున్నాను. పదకొండు గంటలకి అతను పడిపోయాడు. పరిహారం వచ్చింది గానీ, వీసా కోసం చేసిన అప్పులకే సరిపోయింది. అతని బిడ్డ ఇప్పుడు కరీంనగర్‌లో బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఆ ఫీజు కోసమే నా నడకకి స్పాన్సర్లను అడిగాను. పిల్ల పేరు ఇక్కడ చెప్పను, ఆమెకి ఇష్టం లేదు.

పోయినేడు 31 మంది మైలుకింత అని ఇచ్చారు. అన్నీ కలిపితే మైలుకి 14 డాలర్లు. ఇంకొకాయన, పెద్ద కాంట్రాక్టరు, మన తెలుగాయనే, "మైలు గియిలు లెక్కలు నాకొద్దు తమ్మీ. నువ్వు శిఖరం మీద నిలబడి ఫోటో పంపు, 1,500 డాలర్లు వేస్తా" అన్నాడు. నాకు సంబరమైంది. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడమే నా తప్పు.

తొమ్మిది రోజులు బాగా నడిచాను. పదో రోజు పొద్దున కటాడిన్ స్ట్రీమ్ క్యాంపులో లేచేసరికి మబ్బు. రేంజరు రాసి పెట్టిన వాతావరణం చదివాను: మధ్యాహ్నానికి గాలి, వాన. బుద్ధున్నవాడైతే ఒకరోజు ఆగాలి. నాకు సోమవారం డ్యూటీ. చెవిలో 1,500 డాలర్లు గంట కొడుతున్నాయి. ఎక్కాను. చెట్లు అయిపోయే చోట పెద్ద పెద్ద బండలు మొదలవుతాయి. అక్కడ కొన్నిచోట్ల రాతిలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి ఉంటాయి, వాటిని పట్టుకుని పైకి లాక్కోవాలి. చేతి కర్రలు అక్కడ పనికిరావు, రెండు చేతులూ కావాలి. నేను పోయేసరికి కడ్డీ తడిగా ఉంది, గాలి సంచిని పట్టి ఊపుతోంది. ఇంకా రెండు మూడు మైళ్ళే. కడ్డీ మీద చెయ్యి వేసి అనుకున్నాను, ఎక్కినంక చూద్దాంలే అని. అనుకోగానే ఆగిపోయాను. పదమూడేళ్ళ కింద స్లాబు మీద అనుకున్న మాటే అది. అచ్చం అదే మాట.

వెనక్కి దిగాను. దిగుతుంటే వాన మొదలైంది.

కాంట్రాక్టరుకి ఫోన్ చేసి 112 మైళ్ళు అయింది అన్నా అన్నాను. "మాట శిఖరం గురించి గదా" అన్నాడు. ఆయన తప్పేం లేదు, అన్న మాటే అది. 1,568 డాలర్లు వచ్చాయి. మిగతా సగం ఫీజుకి పిల్ల వాళ్ళమ్మ గొలుసు కుదువ పెట్టింది. ఆ సంగతి మూడు నెలల తర్వాత గానీ నాకు తెలియలేదు. నా భార్యకి చెప్తే ఒక్కటే మాట అంది, "ఈసారి గొలుసు విడిపించేటట్టు లెక్క రాసి, అప్పుడు ఎక్కు."

అందుకే ఈసారి స్పాన్సర్ కాగితం నేనే రాశాను. సైట్లో మెథడ్ స్టేట్‌మెంట్ రాస్తాం గదా, అట్లా. మైలుకి ఎంత ఇస్తారో రాయండి. శిఖరం మీద షరతు పెట్టొద్దు, పెడితే తీసుకోను. ఎక్కడ తిరిగి రావాలో నేను ముందే రాసిస్తున్నాను: రేంజరు బోర్డు మీద గాలి, పిడుగులు అని ఉంటే ఎక్కను. మధ్యాహ్నం ఒంటిగంటకి పైన లేకపోతే ఎక్కడున్నా తిరుగుతాను. కడ్డీలు తడిగా ఉంటే తిరుగుతాను. నా జేబులోకి ఒక్క పైసా రాదు. ఊళ్ళో మా బావ కాలేజీలో కట్టి రసీదు వాట్సాప్ గ్రూపులో పెడతాడు. నా బూట్లు, నా బస్సు, నా తిండి నా జీతంలోంచే.

ఇప్పటికి 52 మంది అయ్యారు. కువైట్ నుంచి ఒక తమ్ముడు మైలుకి వంద ఫిల్స్ రాశాడు. 115 మైళ్ళకి పదకొండున్నర దినార్లు. చిన్నదని సిగ్గుపడుతూ రాశాడు. అతని జీతం ఎంతో నాకు తెలుసు, అది చిన్నది కాదు. రియాద్‌లో ఒక రూమ్ వాళ్ళు ఎనిమిది మంది కలిసి మైలుకి ఒక రియాల్. అన్నీ డాలర్లలోకి మారిస్తే మైలుకి 23. మొత్తం నడిస్తే 2,645. పోయినేటి చోటునుంచే మళ్ళీ తిరిగొచ్చినా 2,576. తేడా 69 డాలర్లు. ఈ 69 కోసం తడి కడ్డీ పట్టుకోవాలని నాకే అనిపించదు. సైట్లో కూడా ఇంతే గదా. పోత ఆగితే లక్ష పోతుందన్న చోటే మనిషి నోరు మూసుకుంటాడు.

డబ్బిచ్చేవాళ్ళే స్పాన్సర్లు కాదు. మా సైట్ ఎలక్ట్రీషియన్, ఈక్వెడార్ అతను, తన శాటిలైట్ మెసెంజర్ అరువిచ్చాడు. ఆ అడవిలో చాలా చోట్ల ఫోన్ పనిచెయ్యదు. రోజూ సాయంత్రం మూడు మాటలు పంపుతాను, "క్షేమం, ఇక్కడున్నా, పడుకుంటున్నా" అని. అది అందుకునే మనిషి ఒకరు ఉండాలి. 24 గంటలు కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆమె దగ్గర కాగితం ఉండాలి. ఆమె అంటే మా వదిన, ఎడిసన్‌లో ఉంటుంది. డ్యూటీ కరెక్టుగా చేసే మనిషి. ఇది నా లెక్కలో అన్నిటికంటే పెద్ద స్పాన్సర్‌షిప్.

దారిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు మంచినీళ్ళు, పండ్లు, కూల్‌డ్రింకులు పెట్టి పోతుంటారు. వాళ్ళని ఇక్కడ ట్రెయిల్ ఏంజెల్స్ అంటారు. నాకది కొత్తగా అనిపించలేదు. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల అడవిలోంచి శ్రీశైలం నడిచిపోతుంటే దారి పొడుగునా మజ్జిగ, అన్నం పెడతారు గదా, అదే ఇది.

ఒక హెచ్చరిక. శిఖరం మీద స్పాన్సర్ల బ్యానర్ పట్టుకోవడం, గుంపుగా పండగ చేసుకోవడం బాక్స్‌టర్ పార్కువాళ్ళకి నచ్చదు. ఆ భూమిని పెర్సివల్ బాక్స్‌టర్ అనే మాజీ గవర్నరు సొంత డబ్బుతో ముక్కముక్కగా కొని, అడవి అడవిగానే ఉండాలని ప్రజలకి రాసిచ్చాడు. 2015లో స్కాట్ జ్యూరెక్ అనే పరుగువీరుడు ఈ ట్రెయిల్ మొత్తం 46 రోజుల్లో ముగించి రికార్డు కొట్టి, పైన షాంపేన్ తెరిచాడు. రేంజరు సమన్లు ఇచ్చాడు. చివరికి మద్యం కేసు కింద 500 డాలర్లు జరిమానా కట్టాడు. అంతటివాడికే తప్పలేదు. గుంపు 12 మందికి మించకూడదు, కుక్కలకి అనుమతి లేదు. మనలాగా దూరం నుంచి నడిచొచ్చేవాళ్ళు పర్మిట్ కార్డు తీసుకోవాలి. వంద మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళ కోసం బర్చెస్ అని చిన్న క్యాంపు ఉంది, రాత్రికి 12 మందికే చోటు. అబోల్ బ్రిడ్జి దాటగానే పేరు రాసుకోవాలి. అందుకే ఆ రెండు మూడు మైళ్ళ కోసం మళ్ళీ 115 నడుస్తున్నావా అని అడిగితే, ఒక కారణం ఇది. ఇంకో కారణం, కారులో పోయి ఎక్కొచ్చి ఫీజు అడగడానికి నాకు మొహం చెల్లదు. అక్టోబర్ సగం దాటితే పార్కులో క్యాంపులు మూసేస్తారు, కాబట్టి సెప్టెంబర్ మొదటి వారంలోనే బయల్దేరుతున్నాను. ఈసారి చేతిలో రెండు రోజులు ఎక్కువ సెలవు. ఆ రెండు రోజులు నా సామానులో అన్నిటికంటే విలువైనవి. మబ్బు పడితే కూర్చుని టీ తాగుతాను.

ఇక సంచి. నడక మొదలుపెట్టే కొత్తలో నేను సైట్ బూట్లతో పోయాను. స్టీల్ టో బూటు కాంక్రీట్‌కి మంచిది, కొండకి కాదు. దిగేటప్పుడు వేళ్ళు ఇనుముకి కొట్టుకుని రెండు గోళ్ళు ఊడాయి. ఇప్పుడు అరసైజు పెద్ద ట్రెయిల్ షూ వేసుకుంటాను, నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. బయల్దేరే ముందు కొత్త జత కొని, 50 మైళ్ళు ఇక్కడే అరగదీశాను. కొత్త బూటుతో ఆ అడవిలోకి పోవద్దు.

సామాను తనిఖీ హార్నెస్ తనిఖీలాగే చేస్తాను, కంటితో కాదు, చేత్తో. గాలి పరుపు ఊది బాత్‌టబ్ నీళ్ళలో ముంచాను. సైకిల్ ట్యూబు పంచర్ చూసినట్టే. ఒక మూల బుడగలు వచ్చాయి, ప్యాచ్ వేశాను. టెంటు కుట్లకి మళ్ళీ సీలర్ పూసి ఒకరోజు ఆరబెట్టాను. టెంటు వేసి తోట పైపుతో అరగంట నీళ్ళు కొట్టాను. పక్కింటి ఆయన పిచ్చోడనుకున్నాడు. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు కొత్తవి. కాగితం మ్యాపు ప్లాస్టిక్ కవర్‌లో. ఒక విజిల్.

జీన్స్, కాటన్ బనియన్లు ఇంట్లో వదిలెయ్యండి. తడిస్తే ఆరవు, సెప్టెంబర్ రాత్రి అక్కడి చలికి ఒళ్ళు వేడి లాగేస్తాయి. ఉన్ని, పాలిస్టర్ మంచివి. నేను లుంగీ మాత్రం తీసుకుపోతాను, పాలిస్టర్ది. సరస్సు ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి దాన్ని మించింది తెల్లోళ్ళు ఇంకా కనిపెట్టలేదు. పొడి సాక్సులు ఒక జత నిద్రకే, పగలు ముట్టొద్దు. వాన జాకెట్, ఒక దళసరి స్వెట్టరు, టోపీ, చేతి గ్లవ్స్: ఎండ కాస్తున్నా సరే, ఇవి కొండ ఎక్కే రోజు సంచిలో ఉండాల్సిందే. నీళ్ళ ఫిల్టరు గడ్డకడితే లోపల సన్నని గొట్టాలు పగిలిపోతాయి, బయటికి తెలియదు. చలి రాత్రి దాన్ని కవర్‌లో చుట్టి నిద్రసంచిలో పెట్టుకుని పడుకోండి.

దారిలో వాగులు దాటాలి, బిగ్ విల్సన్, లాంగ్ పాండ్ స్ట్రీమ్, ప్లెజెంట్ నది పాయ. వంతెనలుండవు. బూట్లు విప్పొద్దు, రాళ్ళు జారతాయి. నీళ్ళలో దిగేముందు సంచి నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పెయ్యండి. పడితే సంచిని వదిలేసి బయటపడొచ్చు. హార్నెస్ ఎప్పుడూ కట్టుకోమని చెప్పేవాణ్ణి, ఇక్కడ విప్పమని చెప్తున్నాను. వానపడి నీళ్ళు బురదరంగులో ఉంటే ఆగండి, తగ్గుతాయి. మాన్సన్‌కి ముందు వచ్చే కెన్నెబెక్ నదిలో 1985లో ఒకావిడ కొట్టుకుపోయి చనిపోయాక, అక్కడ నడిచేవాళ్ళ కోసం ఊరికే పడవ నడుపుతున్నారు. ఆ పడవ అడుగున కూడా తెల్ల గీత ఉంటుంది. అంటే పడవ ఎక్కితే ట్రెయిల్ తప్పినట్టు కాదు.

తిండి గురించి చెప్పడం నాకిష్టం. పది రోజుల తిండి ఒకేసారి మోస్తే మోకాళ్ళు పోతాయి. మాన్సన్ హాస్టల్ వాళ్ళు కొంత డబ్బు తీసుకుని, సగం తిండి బకెట్లో పెట్టి అడవి మధ్యలో మట్టిరోడ్డు దగ్గర అందిస్తారు. నా బకెట్లో అటుకులు, పోపు వేసి వేయించిన ఉప్మా రవ్వ, ఎండిన టమాట ఒరుగులు, పెసరపప్పు పొడి, పల్లీపట్టీలు, నువ్వుల లడ్లు, గట్టి నెయ్యి చిన్న డబ్బా. సకినాలు ఉంటాయి, చెడిపోవు, కానీ బరువుకి తగ్గ బలం లేదు. అవి మనసు కోసం. ఆవకాయ తీసుకుపోవద్దు, మొదటిసారి పోయి చెప్తున్నా. మూత కారి సంచి అంతా వాసన, ఆ రాత్రి టెంటు చుట్టూ ఏదో తిరిగింది. ఎలుగుబంటో, రకూనో, చూసే ధైర్యం చెయ్యలేదు. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు అన్నీ ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టి టెంటుకి దూరంగా ఉంచాలి.

ఇన్ని కొనాలా అని భయపడేవాళ్ళకి ఎమ్మా గేట్‌వుడ్ గురించి చెప్తాను. పదకొండు మంది పిల్లల తల్లి, 67 ఏళ్ళ ముసలామె. 1955లో ఈ దారంతా ఒంటరిగా నడిచింది. సంచి ఆమే కుట్టుకున్న డెనిమ్ గుడ్డ మూట, కాళ్ళకి మామూలు కాన్వాస్ బూట్లు, వానకి బాత్‌రూమ్ కర్టెన్. అందరూ ఈ భాగం చెప్తారు. అంతకు ముందేడు, 1954లో, ఆమె కటాడిన్ వైపు నుంచి మొదలుపెట్టి దారి తప్పి, కళ్ళద్దాలు పగలగొట్టుకుంది. రేంజర్లు ఇంటికి పొమ్మంటే పోయింది. మరుసటేడు మళ్ళీ వచ్చింది. నాకు ఆ పోవడమే ఎక్కువ నచ్చింది.

కటాడిన్ పైన, శిఖరానికి ఒక మైలు ముందు, చదునుగా ఉండే చోట థోరో స్ప్రింగ్ అని చిన్న ఊట ఉంది. థోరో అంటే గాంధీగారు దక్షిణాఫ్రికాలో చదివిన వ్యాసం రాసినాయన. 1846లో ఈ కొండ ఎక్కాడు, మబ్బులు కమ్మితే పైదాకా పోకుండానే దిగిపోయాడు. అయినా ఊటకి ఆయన పేరే పెట్టారు. నేను పోయినేడు దాని దాకా కూడా పోలేదు. ఈసారి బోర్డు మంచిగా ఉంటే అక్కడ ఒక గుక్క తాగుదామని ఉంది, ఫిల్టర్ పట్టుకునే.

నిన్న రాత్రి పోయినేటి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. ఈసారి 2,000 ఇస్తాను, పైన మా కంపెనీ బ్యానర్ పట్టుకుని ఫోటో దిగు అన్నాడు. బ్యానర్ కుదరదన్నా, మైలుకింత అని రాయండి, కాగితం పంపుతాను అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నువ్వు పోయినసారి ఎందుకు దిగినవ్?" అని అడిగాడు. గార్డ్‌రెయిల్ సంగతి మొదటిసారి ఆయనకి చెప్పాను. చూస్తా తమ్మీ అని పెట్టేశాడు. కాగితం పంపాను. ఇంకా తిరిగి రాలేదు.

ఎల్లుండి బకెట్ పోస్ట్ చెయ్యాలి. సకినాలు ఇంకా సర్దలేదు, పిల్లలు సగం తినేశారు. ఉంటాను మరి, నమస్తే.